తెల్లపిండి కింద ఏ నల్లి?

మందార మొగ్గ మీద, బొప్పాయి తొడిమ దగ్గర, పత్తి కొమ్మ చివర, జామ ఆకు అడుగున, ఎక్కడ తెల్లగా పిండి చల్లినట్టు కనిపించినా మన ఊళ్లలో చెప్పే పేరు పిండినల్లి. మందుల కొట్టుకెళ్లి ఆ పేరు చెబితే చాలాసార్లు చేతికొచ్చే డబ్బా కూడా ఒకటే. ఆ పిండిని తుడిచి చూస్తే మాత్రం కింద ఒక్కో చెట్టు మీద ఒక్కో జాతి పురుగు ఉండవచ్చు. ప్రపంచం మొత్తం మీద ఈ కుటుంబంలో దాదాపు 2,000 జాతులకు శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టారు. మన దేశపు పంటల మీద ఉన్నవాటిలో కొన్ని ఇక్కడే పుట్టి పెరిగినవి, కొన్ని సముద్రాలు దాటి వచ్చినవి. ఏది ఏదో తేల్చకుండా వాటి మీద యుద్ధానికి దిగడం డబ్బూ శ్రమా రెండూ దండగ.

ఆ పిండి నిజానికి మైనం. పురుగు చర్మం మీద కంటికి ఆనని రంధ్రాలు వేలకొద్దీ ఉంటాయి. వాటిలోంచి ఊరే మైనం గాలి తగిలి గట్టిపడి పొడిలా, పోగుల్లా ఒంటిని కప్పేస్తుంది. పిచికారీ చేసిన మందు నీళ్లు దాని మీద నిలవవు, జారిపోతాయి. ఆడ పురుగుకు రెక్కలు రావు. మూతి ఆకులోకి దించి రసం పీలుస్తూ బతుకుతుంది. మగదానికి ఒక జత రెక్కలుంటాయి గానీ తినడానికి నోరే ఉండదు, కొద్ది రోజుల్లో చనిపోతుంది. అప్పుడే పుట్టిన పిల్లలు గాలికి కొట్టుకుపోయి పక్క చేను చేరతాయి. అవి విసర్జించే జిగట తీపి ద్రవం కోసం చీమలు చేరతాయి, ఆ జిగట మీద నల్లగా మసి తెగులు పడుతుంది.

చేతిలో ఒక భూతద్దం ఉంటే చేలోనే కొంత పోల్చుకోవచ్చు. పత్తి మీద కనిపించే ఫీనకోకస్ సొలెనాప్సిస్ వీపు మీద నల్లటి మచ్చలు జతలుగా వరస కట్టి ఉంటాయి. ఫెరీసియా విర్గేటాకు వీపు పొడవునా రెండు నల్ల చారలు, వెనక రెండు పొడవాటి తోకలు, ఒళ్లంతా గాజు పోగుల్లాంటి సన్నని తీగలు. మందార మీది మాకోనెల్లికోకస్ హిర్సుటస్ పిండి తుడిస్తే గులాబీ రంగు ఒళ్లు బయటపడుతుంది. అది పట్టిన చిగుళ్లు ముడుచుకుని గుత్తి కడతాయి. మల్బరీ తోటల్లో పట్టు రైతులు తుక్ర అనే తెగులుకు కారణం ఇదే. బొప్పాయి పిండినల్లి పారాకోకస్ మార్జినేటస్ ఒళ్లు పసుపు, తోకలు చాలా చిన్నవి. దాన్ని ఆల్కహాల్ సీసాలో వేసి ఉంచితే ఒకటి రెండు రోజుల్లో నీలి నలుపుకు తిరుగుతుంది. పసుపు పురుగు అలా కళ్లముందు నల్లబడడం ఒకసారి చూసినవారు దాన్ని ఇక మరచిపోరు.

మామిడి చెట్టెక్కే పిండినల్లి సంగతి వేరు. డ్రోసికా మాంజిఫెరే అనే ఆ పెద్ద పురుగు అసలు ఈ కుటుంబానిదే కాదు. దాని గుడ్లు నేలలో ఉంటాయి, శీతకాలంలో అవి పగిలి పిల్లలు మాను పట్టుకుని పైకి పాకుతాయి. అందుకే మాను చుట్టూ పాలిథీన్ పట్టీ కడితే అవి ఆగిపోతాయి. గాలికి ఎగిరొచ్చే బొప్పాయి పిండినల్లిని ఆ పట్టీ ఆపలేదు.

కంటి గుర్తులతో సగం దూరమే వెళ్లగలం. ఖాయంగా చెప్పాలంటే పెరిగిన ఆడ పురుగును స్లైడుకు ఎక్కించాలి. ఒంటికి చిన్న గాటు పెట్టి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేడి చేస్తారు. లోపలి కండ కరిగిపోయి పలచని పారదర్శక చర్మం ఒక్కటే మిగులుతుంది. దానికి రంగు పట్టించి, లవంగ నూనెలో ఉంచి, గాజు మీద పరిచి కెనడా బాల్సమ్‌తో అతికిస్తారు. చిరగకుండా, మడత పడకుండా మూడు మిల్లీమీటర్ల పురుగును అలా పరచడానికి చెయ్యి తిరిగి ఉండాలి. ఆ తరువాత సూక్ష్మదర్శినిలో లెక్కలు: స్పర్శశృంగాలకు కణుపులు ఎనిమిదా తొమ్మిదా, కాలి గోటికి పన్ను ఉందా, ఏ రకం మైనపు నాళాలు ఒంటి అంచునే ఉన్నాయి, ఏవి నడుమకూ పాకాయి. పత్తి నల్లికి మామూలుగా తొమ్మిది కణుపులు, గోటికి పన్ను. బొప్పాయి నల్లికి ఎనిమిది, పన్ను ఉండదు.

ఇంత చూసినా కొన్ని జాతులు లొంగవు. ప్లానోకోకస్ సిట్రి, ప్లానోకోకస్ మైనర్ అనే రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో పనిచేసిన జెన్నిఫర్ కాక్స్ పిండినల్లులను వేరువేరు ఉష్ణోగ్రతల్లో పెంచి చూశారు. పెరిగిన వేడిని బట్టే నాళాలు, రంధ్రాల లెక్క మారిపోయింది. జాతి భేదమని నమ్మిన గుర్తుల్లో కొన్ని వాతావరణం పెట్టినవే. అందుకని ఆమె 1989లో ఈ జంటకు ఒక మార్కుల పట్టిక తయారు చేశారు: ఒక్కో లక్షణానికి ఇన్ని మార్కులు, మొత్తం ఇంత దాటితే సిట్రి, లేకుంటే మైనర్. ఇప్పుడు డీఎన్ఏ పరీక్ష తోడైంది గానీ, దాన్ని పోల్చడానికి కూడా సరిగ్గా పేరు తేల్చిన స్లైడు ఒకటి వెనక ఉండాల్సిందే.

పేరు తప్పితే ఏమవుతుందో ఆఫ్రికా చూసింది. 1970ల మొదట్లో కాంగో ప్రాంతంలో కర్ర పెండలం తోటలు ఒక కొత్త పిండినల్లి వల్ల గిడసబారిపోయాయి. కోట్లమందికి అదే తిండి. 1977లో దానికి ఫీనకోకస్ మానిహోటి అని పేరు పెట్టారు. కర్ర పెండలం పుట్టిల్లు దక్షిణ అమెరికా కాబట్టి నల్లి శత్రువులు కూడా అక్కడే ఉండాలని ఆ ఖండపు ఉత్తర భాగంలో వెతికారు. పెండలం మీదే అలాంటి నల్లి దొరికింది. దాని శత్రు కీటకాలను తెచ్చి ఆఫ్రికా నల్లి మీద వదిలితే ఫలితం లేకపోయింది. స్లైడులు పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది, అది వేరే జాతి. దానిలో మగవి ఉన్నాయి, ఆఫ్రికా నల్లి మగ తోడు లేకుండానే పిల్లల్ని పెడుతుంది. 1981లో కాక్స్, డి.జె. విలియమ్స్ అనే శాస్త్రజ్ఞుడు కలిసి దానికి ఫీనకోకస్ హెర్రెనీ అని పేరు పెట్టారు. అదే ఏడు ఆంథొనీ బెలొట్టి అనే కీటక శాస్త్రజ్ఞుడు అసలైన నల్లిని పరాగ్వేలో కనిపెట్టారు. దానితోపాటే అనాగైరస్ లోపెజీ అనే బుల్లి కందిరీగ దొరికింది. అది నల్లి ఒంట్లో గుడ్డు పెడుతుంది, పుట్టిన పిల్ల నల్లిని లోపలి నుంచి తినేస్తుంది. 20కి పైగా ఆఫ్రికా దేశాల్లో పెండలాన్ని కాపాడింది ఆ కందిరీగే. ఈ పనికి నాయకత్వం వహించిన హాన్స్ హెర్రెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు.

మనకు బొప్పాయి విషయంలో ఆ తడబాటు రాలేదు. 2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయి తోటలు తెల్లబడినప్పుడు ఆ నల్లికి అప్పటికే పేరుంది. అదే విలియమ్స్, గ్రనారా డి విల్లింక్ అనే శాస్త్రజ్ఞురాలు కలిసి 1992లో మెక్సికో, మధ్య అమెరికా నమూనాల నుంచి దాన్ని వర్ణించి ఉన్నారు. అప్పటికే అమెరికా వాళ్లు ప్యూర్టో రికోలో పెంచుతున్న కందిరీగలను 2010లో బెంగళూరులోని కీటక వనరుల జాతీయ సంస్థ తెప్పించి వదిలింది. వాటిలో ఎసిరోఫాగస్ పపాయే కొన్ని నెలల్లోనే తోటలను ఒక కొలిక్కి తెచ్చింది. ఆ తోటలు తెల్లబడడానికి 16 ఏళ్ల ముందు ఎక్కడో మ్యూజియంలో కూర్చుని చర్మపు రంధ్రాలు లెక్కపెట్టినవారికి తమిళనాడు బొప్పాయి రైతు ఎంతో రుణపడి ఉన్నాడని నా నమ్మకం.

పత్తిలో కొంత గందరగోళం నడిచింది. పాకిస్తాన్‌లో, మన దేశంలో 2005 తరువాత విజృంభించిన నల్లిని మొదట్లో వేరువేరు పేర్లతో పిలిచారు. నాగపూర్ కేంద్ర పత్తి పరిశోధన సంస్థ 9 రాష్ట్రాల్లో 47 చోట్ల నుంచి నమూనాలు తెచ్చి చూస్తే 95 శాతం ఫీనకోకస్ సొలెనాప్సిసే. పంట లేనప్పుడు అది వయ్యారిభామ మీద, తుత్తురబెండ మీద కాలక్షేపం చేస్తుంది. గట్ల మీది కలుపు తీయమని అధికారులు చెప్పేది అందుకే.

ఆఫ్రికాను ఏడిపించిన మానిహోటి 2020లో కేరళలో త్రిశూర్ దగ్గర బయటపడింది. ఈసారి ఎక్కడ వెతకాలో తెలుసు. లోపెజీని ఆఫ్రికాలోని బెనిన్ నుంచి తెప్పించి 2022లో తమిళనాడు పెండలం తోటల్లో వదిలారు. సామర్లకోట, పెద్దాపురం సగ్గుబియ్యం మిల్లులకు దుంపలు పంపే గోదావరి జిల్లాల రైతులు కూడా కొస చిగుళ్లు గుత్తి కడుతున్నాయేమో కనిపెట్టి ఉండాలి. అనుమానం వస్తే మందు కొట్టకముందే నాలుగైదు పెద్ద పురుగులను 70 శాతం ఆల్కహాల్ ఉన్న చిన్న సీసాలో వేసి, పెన్సిలుతో రాసిన చీటీ లోపల పెట్టాలి: ఏ మొక్క, ఏ ఊరు, ఏ తేదీ. సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, పెన్సిలు రాత నిలుస్తుంది.