పదవికొక ఈ-మెయిలు చిరునామా

రాజ్యాంగము ననుసరించి పంచాయతీల పదవీకాలము 5 సంవత్సరములు. కార్యదర్శులు అంతకన్న ముందే బదిలీ యగుచుందురు. కాగితపు ఉత్తరముపై "సర్పంచి, గ్రామ పంచాయతి" అని యున్న చాలును. పోస్టుమాన్ దానిని నిన్న ఎన్నికైన వారి చేతికే యిచ్చును. ఈ-మెయిలునకు ఆ తెలివి స్వతహాగా లేదు. మెయిల్ సర్వరులో ఎవరైన వ్రాసి పెట్టవలెను. లేకున్న గడువు గల లేఖ మాజీ సర్పంచి పెట్టెలో పడియుండును.

మెయిల్ సర్వరనగా ఉత్తరములను స్వీకరించి పంచిపెట్టు ఏర్పాటు. 1998లో వెలువడి, ఉచితముగా లభించు పోస్ట్‌ఫిక్స్‌ను ఉదాహరణగా గైకొందము. ఉత్తరము రాగానే అది చిరునామాలో ఎట్ గుర్తు తరువాతి భాగమును చూచును. ఆ పేరు మైడెస్టినేషన్ అను వరుసలో నున్నచో ఉత్తరము స్థానికము. ఇచటనే బట్వాడా యగును. పేరు వ్రాయుట మరచినచో, బయటి ఉత్తరమును మాది కాదని వాకిటనే నిరాకరించును. కార్యాలయమువారే వ్రాసినదైనచో బయటికి పంపబోయి, చేరవలసిన సర్వరు తానేయని గ్రహించి త్రిప్పివేయును. క్రొత్తగా నెలకొల్పువారు తరచు తడబడునది ఇచటనే.

ఇక ఎట్ గుర్తునకు ముందరి పేరు. 'సర్పంచి' అనగా ఎవరి పెట్టె? దీనికి అలియాసెస్ అను పట్టిక కలదు. అందు సర్పంచి అను మాట కెదురుగా ఇప్పటి వారి పెట్టె పేరు వ్రాయవలెను. కామా పెట్టి కార్యదర్శి పేరును చేర్చిన ఇరువురికిని ప్రతులందును. పిమ్మట న్యూఅలియాసెస్ అను ఆజ్ఞ నీయవలెను. ఈయకున్న సర్వరు పాత పట్టికనే చదువుచుండును! పదవి చేతులు మారిన దినమున ఈ ఒక్క వరుస దిద్దిన చాలును. జిల్లా కార్యాలయము గాని, బ్యాంకు గాని తమ పుస్తకములలో చిరునామా మార్చుకొన నక్కరలేదు.

అయితే అలియాసు వచ్చు ఉత్తరములకే పనిచేయును. ప్రత్యుత్తరము సొంత పేరుతో పోయినచో, అవతలివారు మరల ఆ పేరునకే వ్రాయుదురు. అందుచే సెండర్ కెనానికల్ అను వేరొక పట్టికలో, పంపువారి సొంత పేరునకు బదులు పదవి పేరు పడునట్లు వ్రాయుదురు. అట్టి పెట్టెనుండి ఇంటి యుత్తరములు వ్రాయరాదు. అవియు సర్పంచి పేరుననే వెడలును.

పోస్ట్‌మాస్టర్ అను చిరునామా ప్రతి మెయిల్ సర్వరునందు ఉండితీరవలెనని ఇంటర్నెట్ నియమము. ఫిర్యాదులు వచ్చునది దానికే. కాని దానిని ఎవ్వరును తెరువని పెట్టెకు త్రిప్పియుంచుట కద్దు.

పంచాయతికి సొంత సర్వరు లేకున్నను, దానిని నడుపువారి నడిగి, తమ పదవుల పేర్లు నేడు ఎవరి పెట్టెలకు పోవుచున్నవో సభ్యులు తెలిసికొనవచ్చును.