కొమాలా గొంతులు: అర్థం కాని నవలను నలుగురితో కలిసి చదవడం

ఒక నవలను చివరి పుట దాకా చదివి, పుస్తకం మూసిన తరువాత 'ఇంతకీ నేను చదివింది ఏమిటి?' అని ప్రశ్నించుకోవలసి రావడం సాహిత్య విద్యార్థికి కొత్త అనుభవం కాదు. అప్పుడు కొందరు లోపం తమలోనే ఉందనుకుని పుస్తకాన్ని పక్కన పెడతారు. మరికొందరు ఏ విమర్శకుడో రాసిన సారాంశం సంపాదించి, పరీక్షకు అది చాలుననుకుంటారు. ఈ రెండూ కాక మూడో దారి ఒకటి ఉందని మాకు ఒక నవల నేర్పింది. అది మెక్సికో రచయిత హ్వాన్ రుల్ఫో రాసిన 'పేద్రో పారమో'.

ఈ నవలను మేము మొదట ఒంటరిగా చదివాము. కొంతకాలం తరువాత, అంతకుముందు ముఖపరిచయమైనా లేని ఏడెనిమిది మందితో కలిసి కూర్చుని మళ్లీ చదివాము. వారంతా హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూరు ప్రాంతాల తెలుగు కుటుంబాలవారు. సాహిత్యం పాఠంగా చదువుకున్నవారు వారిలో ఇద్దరు ముగ్గురే. ఆ రెండు పఠనాల మధ్య కనిపించిన తేడాను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రచయిత, రచన

రుల్ఫో 1917లో మెక్సికోలోని హాలిస్కో రాష్ట్రంలో జన్మించాడు. బాల్యంలోనే తండ్రి హత్యకు గురయ్యాడు. కొన్నేళ్లకు తల్లి కూడా పోయింది. కొంతకాలం అనాథ శరణాలయంలో పెరిగాడు. 1910లో మొదలైన మెక్సికో విప్లవం, ఆ తరువాత 1926-29 సంవత్సరాల మధ్య ప్రభుత్వానికీ చర్చి పక్షంవారికీ జరిగిన అంతర్యుద్ధం ఆ ప్రాంతపు పల్లెలను అతలాకుతలం చేశాయి. మనుషులు వెళ్లిపోయి ఇళ్లు మాత్రం మిగిలిన ఊళ్లు రుల్ఫోకు ఊహ కాదు, కళ్లారా చూసిన వాస్తవం.

1953లో ఒక కథల సంపుటి, 1955లో ఈ నవల వెలువడ్డాయి. 1986లో మరణించేవరకు ఆయన ప్రచురించినది చాలా తక్కువ. అయినా ఆ కొద్దిపాటి రచనే లాటిన్ అమెరికా సాహిత్యాన్ని మలుపు తిప్పింది. 1961లో మెక్సికోకు వచ్చిన గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ చేతిలో ఆయన మిత్రుడు ఆల్వరో ముతిస్ ఈ పుస్తకం పెట్టాడు. ఆ రాత్రి దానిని రెండుసార్లు చదివితే గాని నిద్రపోలేకపోయానని మార్క్వెజ్ తరువాత రాసుకున్నాడు. ఆయన 'వందేళ్ల ఏకాంతం' 1967లో వచ్చింది. 'పేద్రో పారమో'కు 1959, 1994, 2023 సంవత్సరాలలో మూడు ఆంగ్లానువాదాలు వచ్చాయి. మేము చదివినది 1994 నాటి మార్గరెట్ సేయర్స్ పెడెన్ అనువాదం.

కథ, దానిలోని చిక్కు

కథను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. హ్వాన్ ప్రెసియాదో అనే యువకుని తల్లి దొలోరెస్ మరణశయ్య మీద ఉంటుంది. కొమాలా అనే ఊరికి వెళ్లి, తాను ఎన్నడూ చూడని తండ్రి పేద్రో పారమోను కలుసుకుని, రావలసినది అడిగి తీసుకొమ్మని ఆమె మాట తీసుకుంటుంది. హ్వాన్ బయలుదేరతాడు. దారిలో అబుందియో అనే గాడిదలు తోలేవాడు తోడు వస్తాడు. తానూ పేద్రో పారమో కొడుకునేననీ, ఆ పేద్రో పారమో చనిపోయి చాలా ఏళ్లయిందనీ చెబుతాడు. ఊరు పాడుబడి ఉంటుంది. ఎదువిహెస్ అనే స్త్రీ హ్వాన్‌కు బస ఇస్తూ, నీవు వస్తున్నావని మీ అమ్మ నాకు కబురు చేసిందంటుంది. తల్లి పోయి అప్పటికి కొద్ది రోజులే అయింది.

ఇక్కడి నుంచి పాఠకుని కాలికింద నేల కదులుతుంది. నవలలో అధ్యాయాలు లేవు. సుమారు 70 చిన్న ఖండికలు ఉన్నాయి. ఒక ఖండికలో హ్వాన్ మాట్లాడుతుంటాడు. తరువాతి ఖండికలో ఎవరో పిల్లవాడు వాన చూస్తూ సుసానా అనే అమ్మాయిని తలుచుకుంటుంటాడు. ఆ పిల్లవాడే పేద్రో పారమో అని తెలియడానికి కొంత సమయం పడుతుంది. హ్వాన్‌తో మాట్లాడినవారంతా ఒక్కొక్కరుగా చనిపోయినవారని తేలుతుంది. సగం నవల గడిచాక హ్వాన్ కూడా చనిపోయాడనీ, ఇంతవరకూ మనకు చెబుతున్నాడనుకున్న కథను సమాధిలో తన పక్కన ఉన్న దొరోతెయాకు చెబుతున్నాడనీ అర్థమవుతుంది. ఆ తరువాత వారిద్దరూ కలిసి ఇరుగుపొరుగు సమాధుల లోంచి వచ్చే మాటలు వింటారు.

కలలో ఒక గదిలోంచి తలుపు తీసి మరో ఊళ్లోకి అడుగుపెడతాం, అది ఆశ్చర్యంగా తోచదు. ఈ నవల నడక అలాంటిది. కాని కల అయితే మెలకువ వస్తుంది. ఇందులో మెలకువ రాదు.

ఒంటరి పఠనంలో మేము పట్టుకున్నది ఇంతవరకే. వాతావరణం గొప్పదనీ, నిర్మాణం జటిలమనీ రెండు వాక్యాలు రాసుకుని ఊరుకున్నాము.

ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క కొస

కలిసి చదివినప్పుడు మొదటి గంట ఫిర్యాదులతోనే గడిచింది. ఎవరు ఎవరో తెలియడం లేదన్నారు. ఆ తరువాత ఒక్కొక్కరు తాము ఆగిపోయిన చోటును చెప్పడం మొదలుపెట్టారు. ఆగిన చోట్లు వేరువేరు. ఒకరు ఆగిన చోట మరొకరు ఆగలేదు.

హోసూరు వైపు కరణాల కుటుంబం నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు కలల సంగతి పట్టలేదు. ఆయన భూమి తగాదాలను పట్టుకున్నాడు. పేద్రో పారమో దొలోరెస్‌ను పెళ్లాడినది ప్రేమతో కాదు, ఆమె కుటుంబానికి తాను పడిన బాకీ తీర్చనక్కర లేకుండా చేసుకోవడానికి. సరిహద్దు తగాదా పెట్టుకున్న తోరిబియో అల్ద్రెతేను ఊళ్లోనే ఉరివేసి చంపించారు. నవల మొదట్లో హ్వాన్ పడుకున్న గదిలో అర్ధరాత్రి ఒక కేక వినిపిస్తుంది. మేము దానిని భయం కలిగించడానికి రచయిత వాడిన చప్పుడు అనుకున్నాము. అది తోరిబియో కేక. ఆ గదిలోనే అతన్ని ఉరితీశారు. "ఇది దయ్యాల కథ కాదండీ. రికార్డులో ఎక్కని దస్తావేజు" అన్నాడాయన. ఆ మాటతో మాకు సగం నవల తెరుచుకుంది. కొమాలాలో ఊరికే మూలిగే గొంతు లేదు. ప్రతి గొంతు వెనుక ఒక అన్యాయమో, అప్పో ఉంది.

బరంపురం నుంచి వచ్చిన ఒక గృహిణి గంటల దగ్గర ఆగింది. పేద్రో పారమో జీవితమంతా కోరుకున్న సుసానా సాన్ హ్వాన్ ముప్పై ఏళ్ల తరువాత మతి చలించిన స్థితిలో అతని ఇల్లు చేరుతుంది. డిసెంబరు 8న మరణిస్తుంది. చర్చి గంటలు రోజుల తరబడి ఆగకుండా మోగుతాయి. ఆ మోతకు చుట్టుపక్కల ఊళ్ల జనం వచ్చిపడతారు. చావు గంటలన్న సంగతి మరుగునపడి కొమాలాలో జాతర మొదలవుతుంది. అందుకు పేద్రో పారమో చేతులు కట్టుకు కూర్చుని ఊరిని ఆకలితో చావనిస్తాడు. 'ఊరికి ఇంత శిక్షా?' అని మేము అడిగితే, "ఆయన దుఃఖం నిజమేనండి, కాని ఆయన చేతిలో ఊరుంది కదా" అన్నది ఆమె. ప్రేమకథగానూ దొరతనం కథగానూ విడివిడిగా మేము చదివినవి ఒకటే కథ అని ఆ మాటతో తెలిసింది.

మా పొరపాటును పట్టుకున్నది బళ్లారి నుంచి వచ్చిన ఒక విద్యార్థి. అబుందియోను మేము దారి చూపించే పాత్రగా మాత్రమే చూశాము. ఆ కుర్రవాడు ఎదువిహెస్ మాటను మళ్లీ చదివి వినిపించాడు. బాణసంచా పేలి అబుందియోకు చెవుడు వచ్చిందనీ, అతడు చనిపోయాడనీ ఆమె చెబుతుంది. హ్వాన్‌ను తీసుకువచ్చినవాడికి చెవులు బాగానే వినిపించాయి. నవల చివర, భార్యను పాతిపెట్టడానికి డబ్బు లేక తాగిన మత్తులో పేద్రో పారమో మీదికి కత్తితో వెళ్లినవాడు ఈ అబుందియోయే. అతడూ కొడుకే అన్న సంగతి మొదటి పుటల్లోనే చెప్పేసి, చివర మళ్లీ గుర్తుచేయకుండా వదిలేశాడు రచయిత. మొదటినీ చివరనూ కలిపి చూసినవారికే కొడుకు తండ్రిని చంపాడని తెలుస్తుంది. అంటే తండ్రిని వెతుక్కుంటూ వెళ్తున్న కొడుకుకు దారి చూపించినవాడు, ఆ తండ్రినే చంపిన మరో కొడుకు.

అమ్మ చెప్పిన ఊరు

నవలలో తల్లి దొలోరెస్ మాటలు అక్కడక్కడ వాలు అక్షరాల్లో వినిపిస్తాయి. ఆమె చెప్పిన కొమాలా పచ్చని పైరుతో, తేనె వాసనతో నిండిన ఊరు. కొడుకు చూసిన కొమాలా ఎండలో మాడుతున్న ఊరు. రొట్టెలు కాల్చే పెనాన్ని మెక్సికోలో 'కొమాల్' అంటారు. ఊరి పేరులోనే ఆ వేడి ఉంది. హ్వాన్ ఊరిని తన కళ్లతో చూడడానికి రాలేదు, అమ్మ కళ్లతో చూడడానికి వచ్చాడు.

ఈ భాగం దగ్గర అందరూ కొంతసేపు మౌనంగా ఉన్నారు. తెలుగు ప్రాంతానికి వెలుపల తరతరాలుగా స్థిరపడిన ఇళ్లలో ఇలాంటి 'చెప్పిన ఊరు' ఒకటి తరచు ఉంటుంది. షోలాపూరు నేత కుటుంబానికి చెందిన ఒక అమ్మాయి తన నాయనమ్మ చెప్పే ఊరిని తలుచుకుంది. చెరువు, చింతతోపు, బొడ్రాయి అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. "కాని అంత మంచి ఊరు ఎందుకు వదిలి వచ్చారో నాయనమ్మ ఎప్పుడూ చెప్పలేదు" అన్నది.

అప్పుడు మేమంతా మళ్లీ దొలోరెస్ మాటల వద్దకు వెళ్లాము. ఆమె కొమాలాలో సుఖపడలేదు. భర్త నుంచి దూరమై అక్కగారింటికి వెళ్లింది. రమ్మని అతడు ఎన్నడూ కబురు చేయలేదు. పచ్చని ఊరి మీద బెంగనూ, రావలసిన బాకీనీ రెండింటినీ ఆమె ఒకే గొంతుతో కొడుకుకు అప్పగించింది. కొడుకు విన్నది బెంగను. పుస్తకం విప్పుతూ పోయినది బాకీని. వారసత్వంగా వచ్చిన మాటలో పైకి వినిపించేది ఒకటి, అడుగున దాగినది మరొకటి ఉండవచ్చునని ఈ నవల చెప్పే విషయాన్ని మన విద్యార్థులు ఇతరుల కంటే త్వరగా గ్రహించగలరని మా నమ్మకం.

పేర్లు పెట్టడం గురించి

ఇలాంటి రచనకు వెంటనే 'మాంత్రిక వాస్తవికత' అనో 'చైతన్య స్రవంతి' అనో పేరు పెట్టడం మనకు అలవాటు. పేరు పెట్టినంత మాత్రాన చిక్కు విడదు. రావిశాస్త్రి 'అల్పజీవి'లో గాని, 1969లో వచ్చిన నవీన్ 'అంపశయ్య'లో గాని ఆలోచనలు ఎంత ఎగిరిపడినా అవి ప్రధానంగా సుబ్బయ్యవి, రవివి. ఆ మనసును పట్టుకుంటే దారి దొరుకుతుంది. రుల్ఫో నవలలో అలా పట్టుకోవడానికి ఒకే మనసు లేదు. ఒక ఊరి గొంతులు ఉన్నాయి.

అలాగే దీనిని మన ప్రేత విశ్వాసాలతో పోల్చి తేల్చివేయడమూ సరికాదు. పోలిక కొంతవరకు ఉపకరిస్తుంది. పాపక్షమ దొరకక, తమ కోసం ప్రార్థించే బతికినవారు లేక తిరుగాడే ఆత్మలవి. కాని ఆ క్షమను బంగారు నాణేలకు ధనవంతుని కొడుకు మిగేల్‌కు ఇచ్చి, ఆత్మహత్య చేసుకున్న పేద ఎదువిహెస్‌కు ఇవ్వలేకపోయిన ఫాదర్ రెంతెరియా కథ మెక్సికో పల్లెలోనిది. దానిని అక్కడే ఉంచి చదవాలి.

విద్యార్థులకు ఒక సూచన

ఈ నవలను మొదటిసారి ఆగకుండా చదవండి. రెండోసారి ప్రతి ఖండిక పక్కన మూడు సంగతులు రాసుకోండి: మాట్లాడుతున్నది ఎవరు, వింటున్నది ఎవరు, ఆ సమయానికి వారిలో బతికి ఉన్నది ఎవరు. ఖాళీలు మిగులుతాయి. వాటిని సారాంశాలతో నింపకుండా మూడోసారి నలుగురి ముందు పెట్టండి. ఆ నలుగురూ సాహిత్య విద్యార్థులే కానక్కరలేదు, మీకు తెలిసినవారే కానక్కరలేదు.

అన్ని ఖాళీలూ నిండుతాయని చెప్పలేము. హ్వాన్ దేనివల్ల చనిపోయాడన్న దాని మీద మాలో ఏకాభిప్రాయం కుదరలేదు. ఊపిరాడక పోయాడన్నట్లు ఒకచోట ఉంది. గొంతుల గుసగుసలే చంపాయని మరొకచోట అతడే అంటాడు. భయంతో బిగుసుకుపోయి ఉన్నాడని దొరోతెయా అంటుంది. మేము ముగ్గురి మాటలనూ కాగితం మీద పక్కపక్కన రాసుకుని లేచాము.

ఒక సంగతి మాత్రం అందరికీ తోచింది. ఒంటరిగా వీధుల్లో తిరిగినంతసేపు ఆ గొంతులు హ్వాన్‌ను భయపెట్టాయి. దొరోతెయాతో ఇరుకు సమాధిని పంచుకున్న తరువాతే, పక్కవారి మాట ఏమిటో ఆమెను అడిగి తెలుసుకోగలిగాడు. ఆమె అతనికి బంధువు కాదు, ముందు నుంచి తెలిసిన మనిషీ కాదు.

షోలాపూరు అమ్మాయి వెళ్తూ వెళ్తూ పుస్తకం అడిగి తీసుకుంది. నాయనమ్మకు చదివి వినిపిస్తుందేమో అనుకున్నాము. కాదట. నాయనమ్మను ఒక ప్రశ్న అడగాలట, అడిగేముందు తల్లి మాటలున్న పుటలు మరోసారి చూసుకోవాలట.