వంటగది గట్టు: బండను గోడకు, అరలకు బిగించే విధానం

ముదిగుబ్బలో కొత్తగా కడుతున్న ఏ ఇంటి వంటగదిలోకైనా తొంగి చూడండి. గట్టు మీద పరచవలసిన బండ గోడకు ఆనించి ఉంటుంది. అది కడప నల్లబండ కావచ్చు, తాడిపత్రి బండ కావచ్చు, గ్రానైట్ కావచ్చు. ముందుగా దాని బరువు లెక్క వేయండి. గ్రానైట్ ఘనమీటరుకు సుమారు 2,700 కిలోలు తూగుతుంది. 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న బండ బరువు దాదాపు 80 కిలోలు. దాని మీద స్టవ్వు, నీళ్ళ బిందెలు, ఒక్కోసారి అటక అందుకోవడానికి ఎక్కిన మనిషి! ఈ భారమంతా ఎక్కడికి దిగుతుందో తెలియకుండా బండ ఎత్తకూడదు.

సాధారణంగా బండ వెనుక అంచు గోడలో కొట్టిన గాడిలోకి వెళుతుంది. మిగిలిన భాగం రెండు మూడు అడుగులకొకటి చొప్పున నిలబెట్టిన బండల మీద ఆనుతుంది. అడ్డగాడి లోతు గోడ మందంలో ఆరో వంతుకు మించరాదు. అంటే 9 అంగుళాల గోడలో అంగుళంన్నర వరకు కొట్టవచ్చు. నాలుగున్నర అంగుళాల గోడలో ముప్పావు అంగుళమే వీలవుతుంది, అది బండకు చాలదు. అక్కడ నిలువు బండలను గోడ దాకా పెట్టి, బరువంతా వాటి మీదనే నిలపాలి. రాళ్ళను మట్టితో కట్టిన పాత మిద్దెల్లోనైతే గాడి జోలికి అసలు పోవద్దు. కోత యంత్రం అదురుకు రాళ్ళ మధ్య మట్టి రాలి, గోడే వదులవుతుంది.

గట్టు ఎత్తు నేల నుంచి 32–34 అంగుళాలు ఉంచడం వాడుక. అయితే వండే మనిషిని నిలబెట్టి, మోచేతికి నాలుగైదు అంగుళాల కిందికి గుర్తు పెట్టుకోవడం ఇంకా మేలు. ఆ గుర్తును నీళ్ళు నింపిన సన్నని గొట్టంతో గోడ పొడవునా సమంగా తీసుకోండి. సింకు కోసం కోసిన చోట బండ బలహీనమవుతుంది. కోత మూలలు గుండ్రంగా ఉండాలి, రెండు పక్కలా ఆధారం ఉండాలి.

గాడిని బాగా తడిపి, ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ళ ఇసుక కలిపిన మాలుతో నింపి బండను జరపండి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే కురిసే ఈ మెట్ట ప్రాంతంలో ఎండగాలికి మాలు గట్టిపడక ముందే తడి ఆరిపోతుంది. నీళ్ళు కరువని తడపడం మానేస్తే గాడిలో మాలు పొడిగా రాలుతుంది. తడి గోనెసంచులు కప్పి ఉంచితే కొద్ది నీళ్ళతోనే ఏడు రోజులు తడి నిలుస్తుంది.

ప్లైవుడ్ అరల మీద బండ పరిచేటప్పుడు పద్ధతి వేరు. అరలను ముందు గోడకు స్క్రూలతో బిగించి, మట్టం చూసి, పై అంచున అక్కడక్కడ సిలికాన్ పెట్టి బండను దించాలి. గోడకూ బండకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదిలి, దాన్నీ సిలికాన్‌తోనే పూడ్చాలి. గట్టుపలక చెక్కదైతే కింది నుంచి స్క్రూలు వేస్తారు. చెక్క తేమకు ఉబ్బుతుంది కాబట్టి స్క్రూ రంధ్రాలు కాస్త పొడవుగా ఉండాలి.

అభ్యాసం: మీ ఇంటి గట్టు కొలతలు తీసుకుని బండ బరువు లెక్కించండి. వెనుక గోడ మందాన్ని బట్టి అక్కడ గాడి ఎంత లోతు వరకు కొట్టవచ్చో రాయండి.