తుపాను షెల్టర్లు: ఊరిని కాపాడే మేడలు

1977 నవంబరు 19న కృష్ణా డెల్టాలోని దివిసీమపై విరుచుకుపడిన తుపాను పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. ఎక్కువమందిని చంపింది గాలి కాదు, అయిదారు మీటర్ల ఎత్తున ఊళ్లమీదికి వచ్చిన సముద్రపు నీరు. పూరిళ్లలో ఉన్నవారికి ఎక్కి నిలబడే చోటే లేకపోయింది.

ఆ విషాదం తర్వాత కోస్తా పొడవునా తుపాను షెల్టర్లు వెలిశాయి. ఇవి పిల్లర్ల మీద నిలిచే కాంక్రీటు భవనాలు. ఉప్పెన నీరు గోడలను ఢీకొనకుండా సాగిపోయేలా కింది భాగాన్ని ఖాళీగా వదులుతారు. మామూలు రోజుల్లో చాలాచోట్ల వీటిలోనే బడి నడుస్తుంది. ఇది మంచి ఏర్పాటు: వాడుకలో ఉన్న భవనమే ఆపదవేళ పనికొస్తుంది. తాళం ఎవరి దగ్గరుందో తెలియని షెల్టరు ఉన్నా లేనట్టే.

1990 మేలో దాదాపు అంతే తీవ్రమైన తుపాను కృష్ణా తీరాన్ని తాకింది. లక్షలమందిని ముందే తరలించడంతో మృతులు సుమారు వెయ్యికి తగ్గారు.

ఊళ్లో ముందే తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మంచం పట్టిన ముసలివాళ్లను ఎవరు మోసుకెళ్లాలి? నిండు గర్భిణులను ఎప్పుడు ఆస్పత్రికి చేర్చాలి? పశువుల పలుపులు ఎవరు విప్పాలి? మరొకటి గుర్తుంచుకోవాలి: గాలి హఠాత్తుగా ఆగితే అది తుపాను కన్ను, అంటే దాని మధ్యలోని ప్రశాంత భాగం కావచ్చు. అప్పుడు బయటికి రాకూడదు. కాసేపటికే ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంతే గాలి వీస్తుంది.