సంసారం ఒక్కటే... పన్ను లెక్కలు రెండు!

భర్త ఒక ఊరి బడిలో పంతులు. భార్య పక్క ఊళ్ళో నర్సు. పొద్దున్నే చెరో బస్సు ఎక్కుతారు. నెల మొదట్లో వచ్చే రెండు జీతాలూ ఒకే ఇంటి ఖర్చుకు పోతాయి. జూలై వచ్చేసరికి ఇలాంటి ఇళ్ళలో ఒక సందేహం తలెత్తుతుంది. ఆదాయపు పన్ను రిటర్ను ఇద్దరికీ కలిపి ఒకటి వేయాలా? విడివిడిగా వేయాలా?

మన దేశంలో భార్యాభర్తలు కలిసి ఒకే రిటర్ను దాఖలు చేసే పద్ధతి లేదు. ఎవరి పాన్ నంబరు వారిది, ఎవరి రిటర్ను వారిది. రెండు జీతాల ఇంటికి దీనివల్ల మేలే జరుగుతోంది.

భర్త జీతం ఏడాదికి 9 లక్షలు, భార్య జీతం 8 లక్షలు అనుకుందాం. 2025-26 ఆదాయానికి కొత్త పద్ధతిలో జీతం నుంచి 75 వేలు తగ్గింపు పోను, 12 లక్షల వరకు పన్ను పడదు. కనుక ఇద్దరూ పైసా కట్టనక్కరలేదు. అదే రెండు జీతాలనూ కలిపి ఒకరి ఆదాయంగా లెక్కగడితే, ఇద్దరి తగ్గింపులు పోయినా మిగిలిన 15 లక్షల 50 వేల మీద సెస్సుతో సహా లక్షా 17 వేలు కట్టవలసి వచ్చేది.

పన్ను లేదు గదా అని రిటర్ను మానరాదు. ఈ పద్ధతిలో ఆదాయం 4 లక్షలు దాటితే దాఖలు చేయవలసిందే. గడువు మీరితే 5 లక్షల లోపు ఆదాయం వారికి వెయ్యి, ఆపైన వారికి 5 వేలు రుసుము పడుతుంది.

అసలు చిక్కు డిపాజిట్ల దగ్గర వస్తుంది. భర్త తన జీతం సొమ్ము 10 లక్షలు భార్య పేర బ్యాంకులో వేశాడనుకుందాం. 7 శాతం చొప్పున ఏడాదికి 70 వేలు వడ్డీ వస్తుంది. పేరు భార్యదే అయినా, ఆ వడ్డీ భర్త ఆదాయంలోనే కలుస్తుందని 2025-26 ఆదాయానికి వర్తించే 1961 నాటి చట్టంలోని 64వ సెక్షను చెబుతోంది. భార్య లెక్కలో చూపితే తరువాత నోటీసు రావచ్చు. భార్య తన జీతంలోంచి దాచి వేసుకున్న డిపాజిట్ వడ్డీ మాత్రం ఆమెదే. అద్దెకిచ్చే ఇల్లు కొన్నా ఇదే సూత్రం.

ఒక్కరే సంపాదించే ఇంటి బాధ వేరు. భర్త ఒక్కడికే 17 లక్షలు వస్తే పన్ను లక్షా 30 వేలు. అంతే రాబడి ఇద్దరి జీతాలుగా వచ్చే పొరుగింటికి పన్ను లేదు. ఇంట్లో భార్య పడే చాకిరీ ఏ లెక్కలోనూ రాదు.

మన పిల్లలు ఉద్యోగాలు చేస్తున్న అమెరికాలో దంపతులు కలిపి గానీ, విడిగా గానీ వేసుకోవచ్చు. 2025 ఆదాయానికి కలిపి వేసినవారికి 31,500 డాలర్ల తగ్గింపు ఉంది. అయితే కలిపి సంతకం పెడితే, సాధారణంగా ఒకరి బాకీకి రెండోవారూ జవాబుదారీయే.

ఇక్కడి దంపతులు చేయవలసిందల్లా ఒకటే. ఏ డిపాజిట్‌కు ఎవరి ఖాతాలోంచి సొమ్ము వెళ్ళిందో చూపే పాస్‌బుక్కులు, రశీదులు విడివిడిగా భద్రపరచుకోవాలి. రేపు అధికారులు అడిగితే ఆ కాగితాలే ఆధారం.