ఎప్పటి నుంచి?

ఏ ఊళ్లో ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, మన బాధ చెప్పుకోగానే ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎప్పటి నుంచి?" ఆ వెనకే మరికొన్ని. ఇంతకుముందు వచ్చిందా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? ఎవరికి చూపించారు, ఏం మందులు వాడారు? స్టెతస్కోపు మెడలోనే వేలాడుతుంటుంది, ఇంకా చెవికెక్కదు. వైద్యులు దీన్ని 'హిస్టరీ తీసుకోవడం' అంటారు. బళ్లో రాజుల గురించీ యుద్ధాల గురించీ చదివిన సబ్జెక్టు పేరూ అదే. అక్కడ దేశం కథ, ఇక్కడ ఒంటి కథ.

కథలు వినీ వినీ కలం పట్టిన వైద్యులు చాలా భాషల్లో ఉన్నారు. రష్యన్లకు చెహోవ్ ఉన్నాడు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ నవలలు రాసిన డాక్టర్ కేశవరెడ్డి మనకున్నారు. కానీ యూదులకూ పాలస్తీనీయులకూ మధ్య నడుస్తున్న తగవులోకి వైద్యుడు కలం పట్టుకుని దిగితే పని అంత సులువు కాదు. అక్కడ చరిత్ర తీరిగ్గా చెప్పుకునే కబురు కాదు, వ్యాజ్యంలో దాఖలు చేసే సాక్ష్యం. "ఎప్పటి నుంచి?" అని అడిగితే ఒకరు 1917 అంటారు, పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పాటుకు మద్దతిస్తామని బ్రిటన్ ప్రకటించిన ఏడాది. ఇంకొకరు 1929 అంటారు, హెబ్రాన్‌లో 67 మంది యూదులను ఊచకోత కోసిన ఏడాది. మరొకరు ఇజ్రాయెల్ ఏర్పడిన 1948, ఇంకొకరు వెస్ట్‌బ్యాంకునూ గాజానూ ఇజ్రాయెల్ ఆక్రమించిన 1967, ఈమధ్య చాలామంది హమాస్ దాడి జరిగిన 2023 అక్టోబరు 7. ఎక్కడ మొదలుపెడితే ఎవరు దోషో దాదాపు అక్కడే తేలిపోతుంది.

జబాలియా నుంచి బేర్షెబాకు

ఈ చిక్కు ఒంటబట్టిన వైద్యుడు డాక్టర్ ఇజ్జెల్దీన్ అబుల్‌ఐష్. 1955లో గాజాలోని జబాలియా శరణార్థి శిబిరంలో పుట్టారు. పదిహేనేళ్ల వయసులో ఇజ్రాయెల్‌లో ఒక యూదు కుటుంబం పొలంలో వేసవి కూలీగా పనిచేశారు. వాళ్లు తనను బాగా చూసుకున్నారని రాసుకున్నారు. దాదాపు అదే కాలంలో, గాజాలో సైన్యాధికారిగా ఉన్న ఏరియల్ షరోన్ ఆదేశాలతో శిబిరంలో వీధులు వెడల్పు చేసినప్పుడు ఆయన ఇల్లు బుల్డోజరు కింద పోయింది. యూదులంటే ఎవరు? అన్నం పెట్టినవాళ్లా, ఇల్లు కూల్చినవాళ్లా? ఆ కుర్రాడి అనుభవంలో రెండూ నిజమే.

కైరోలో వైద్యం చదివి, స్త్రీ వైద్యంలోనూ సంతానలేమి చికిత్సలోనూ నైపుణ్యం సంపాదించారు. బేర్షెబాలోని సొరోకా ఆస్పత్రిలో శిక్షణ పొందారు. ఇజ్రాయెల్ ఆస్పత్రిలో అలా చేరిన తొలి పాలస్తీనా వైద్యుడిగా పేరొచ్చింది. శిబిరంలో పుట్టినవాడు యూదు తల్లులకు పురుళ్లు పోశాడు. 2004లో హార్వర్డ్‌లో ప్రజారోగ్యంలో మాస్టర్స్ పూర్తిచేశారు. గాజాలో ఇల్లు, టెల్ అవీవ్ దగ్గర షెబా వైద్యకేంద్రంలో ఉద్యోగం, మధ్యలో ఎరెజ్ చెక్‌పోస్టు దగ్గర గంటల తరబడి పడిగాపులు. అదీ ఆయన జీవితం.

ఆయన పెద్దలది హూజ్ అనే ఊరు. ఇప్పటి స్దెరోత్ పట్టణానికి దగ్గర్లో ఉండేది. ఆ ఊరి కథను ఇజ్రాయెలీ చరిత్రకారుడు బెన్నీ మోరిస్ తన పరిశోధనలో నమోదు చేశాడు. 1946లో బ్రిటిష్ సైనికులు యూదుల రహస్య దళం 'హగనా' మనుషుల కోసం గాలిస్తుంటే హూజ్ రైతులు వాళ్లను దాచిపెట్టారు. 1947 డిసెంబరులో గాజాకు వెళ్లిన ఊరి పెద్దనూ ఆయన సోదరుణ్ణీ, యూదులకు తొత్తులంటూ అరబ్బు గుంపు కాల్చి చంపింది. 1948 మే 31న, ఈజిప్టు సైన్యం దగ్గరికి వస్తోందని, ఇజ్రాయెల్ నెగెవ్ బ్రిగేడ్ ఆ ఊరివాళ్లనే వెళ్లగొట్టి ఇళ్లు పేల్చేసింది. కాపాడినందుకు తనవాళ్ల చేతిలో చావు, కాపాడబడినవాళ్ల చేతిలో దేశబహిష్కారం. తమ పొలాలు ఆ తర్వాత షరోన్ వ్యవసాయక్షేత్రంలో కలిసిపోయాయని అబుల్‌ఐష్ రాశారు.

హూజ్ కథ ఏ పక్షం జెండాకూ పూర్తిగా పనికిరాదు. ఒక పక్షం సగం వరకే చెప్పి ఆపేస్తుంది, రెండోది మిగతా సగం నుంచి మొదలుపెడుతుంది. మొత్తం చెప్పడానికి ఓపికున్నవాడు కావాలి.

స్టూడియోలో మోగిన ఫోను

2008 సెప్టెంబరులో ఆయన భార్య నదియా రక్తక్యాన్సర్‌తో చనిపోయారు. ఆ డిసెంబరు 27న గాజాపై ఇజ్రాయెల్ యుద్ధం మొదలుపెట్టింది. విలేకరులకు గాజాలోకి ప్రవేశం లేకపోవడంతో, హీబ్రూ ధారాళంగా మాట్లాడే ఈ డాక్టరే రోజూ ఫోన్లో ఇజ్రాయెల్ చానెళ్లకు అక్కడి సంగతులు చెప్పేవారు. 2009 జనవరి 16 సాయంత్రం ట్యాంకు గుండ్లు ఆయన ఇంటి మీదే పడ్డాయి. ముగ్గురు కూతుళ్లు బెస్సాన్, మయార్, ఆయా, సోదరుడి కూతురు నూర్ అక్కడికక్కడే చనిపోయారు. ఆయన చానెల్ 10 విలేకరి ష్లోమి ఎల్దార్‌కు ఫోను చేశారు. ఎల్దార్ అప్పుడు ప్రత్యక్ష ప్రసారంలో ఉన్నాడు. స్పీకరు ఆన్ చేశాడు. ఇజ్రాయెల్ ఇళ్లలో జనం ఆ తండ్రి ఏడుపు విన్నారు. ఎల్దార్ స్టూడియో వదిలి బయటికెళ్లి, గాయపడినవాళ్లకు అంబులెన్సు దారి తెరిపించే పనిలో పడ్డాడు.

మర్నాడు రాత్రి ఇజ్రాయెల్ కాల్పుల విరమణ ప్రకటించింది. ఆ ఒక్క ఫోనే యుద్ధాన్ని ఆపిందనడం అతిశయోక్తి. చాలామందిని కదిలించిందన్నది మాత్రం వాస్తవం. అందరూ కదిలారా? లేదు. అదే రోజు షెబా ఆస్పత్రిలో ఆయన విలేకరులతో మాట్లాడుతుంటే ఒక ఇజ్రాయెలీ స్త్రీ అడ్డుపడి అరిచింది. ఆమె కొడుకులు సైనికులు. నీ ఇంట్లో ఏం దాచావో ఎవరికి తెలుసని ఆమె కోపం. ఎవరి గోడు వాళ్లది.

పై అంతస్తులో అనుమానాస్పద వ్యక్తులు ఉన్నారనుకుని కాల్చామని సైన్యం వివరణ ఇచ్చింది. డాక్టరు బతికిన పిల్లల్ని తీసుకుని కెనడా వెళ్లి, టొరంటో విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్యం బోధిస్తూ 2010లో ఒక పుస్తకం రాశారు. పేరు 'ఐ షల్ నాట్ హేట్', అంటే 'నేను ద్వేషించను'. చాలా భాషల్లోకి వెళ్లింది. కూతుళ్ల పేరు మీద ఒక ఫౌండేషన్ పెట్టి మధ్యప్రాచ్యపు ఆడపిల్లల చదువులకు సాయం చేస్తున్నారు.

ఆయన వాదన వైద్యుడి వాదనే. ద్వేషం అంటువ్యాధి లాంటిదంటారు. ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది, పట్టినవాణ్ణే ముందు తింటుంది. అయితే ద్వేషించననడం కేసు మూసేయడం కాదు. క్షమాపణా పరిహారమూ కోరుతూ ఆయన ఇజ్రాయెల్ కోర్టులకెక్కారు. అది యుద్ధ చర్య కాబట్టి రాజ్యానికి బాధ్యత లేదన్న తీర్పును 2021 నవంబరులో అక్కడి సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ఆయన్ను ఉత్త 'క్షమామూర్తి'గా చూపించేవాళ్లు ఈ పదేళ్లు దాటిన పోరాటాన్ని మరిచిపోతారు.

ఎదుటివాడి హిస్టరీ

ఆత్మకథకు ఒక హద్దుంది. అది 'నాకు జరిగింది' చెబుతుంది. ఎదుటివాడి ఒంట్లో ఏం నొప్పి ఉందో చెప్పలేదు. ఆ పని చరిత్ర మీద అల్లిన నవల చేయగలదు. నవలాకారుడు తనకు కిట్టని పాత్రకూ ఒక బాల్యం, ఒక ఇల్లు, ఒక భయం ఇవ్వక తప్పదు. లేకపోతే ఆ పాత్ర నిలబడదు. అంటే శత్రువు హిస్టరీ తీసుకోవాలి.

ఇజ్రాయెలీ రచయిత ఎస్. యిజ్హార్ 1948 యుద్ధంలో ఇంటెలిజెన్స్ అధికారి. మరుసటి ఏడాదే 'ఖిర్బెత్ ఖిజే' అనే చిన్న నవల అచ్చువేశాడు. యూదు సైనికులు ఒక అరబ్బు ఊరిని ఖాళీ చేయిస్తుంటారు. ముసలివాళ్లనూ పిల్లలనూ లారీలెక్కిస్తుంటే, కథ చెప్పే సైనికుడికి తన జాతి వేల ఏళ్ల ప్రవాసం గుర్తొచ్చి ఊపిరాడదు. రచయిత పార్లమెంటు సభ్యుడయ్యాడు, పుస్తకం బడి పాఠాల్లో కూడా చేరింది. 1978లో దాన్ని టీవీ సినిమాగా తీస్తే మాత్రం దేశంలో పెద్ద రగడ జరిగింది.

అవతలివైపు నుంచి పాలస్తీనా రచయిత ఘసన్ కనఫానీ 1969లో 'హైఫాకు తిరిగి రాక' రాశాడు. 1948 గందరగోళంలో పసిబిడ్డను ఇంట్లో వదిలి పారిపోవాల్సి వచ్చిన దంపతులు 1967 తర్వాత ఆ ఇల్లు చూడడానికి వస్తారు. అందులో ఇప్పుడు మిరియం ఉంది. నాజీల చేతిలో తనవాళ్లను పోగొట్టుకుని పోలండ్ నుంచి వచ్చిన యూదు స్త్రీ. వాళ్ల బిడ్డను పెంచింది ఆమే. అతను ఇప్పుడు ఇజ్రాయెల్ సైనికుడు. కనఫానీ శాంతిదూత కాదు. సాయుధ సంస్థ అధికార ప్రతినిధి, 1972లో బీరూట్‌లో కారుబాంబుకు బలయ్యాడు. అయినా మిరియంను రాక్షసిగా రాయలేకపోయాడు.

లెబనాన్ రచయిత ఎలియాస్ ఖౌరీ శరణార్థి శిబిరాల్లో ఏళ్ల తరబడి కథలు సేకరించి 1998లో 'బాబ్ అల్ షమ్స్' రాశాడు. 'సూర్యద్వారం' అని అర్థం. బీరూట్‌లోని షతీలా శిబిరపు ఆస్పత్రిలో, అరకొర వైద్యం చదివిన ఖలీల్, కోమాలో ఉన్న వృద్ధ యోధుడి మంచం పక్కన కూర్చుని, అతని ప్రాణం నిలపడానికి కథలు చెబుతూనే ఉంటాడు. మామూలుగా రోగి చెబుతాడు, డాక్టరు వింటాడు. ఇక్కడ తిరగబడింది. ఆ కథల్లో ఒకటి: పాలస్తీనా స్త్రీ ఒకామె తన పాత ఇల్లు చూడబోతే, అందులో ఉంటున్న యూదు స్త్రీ బీరూట్‌లో పుట్టిన మనిషి. ఈమెకు ఈ ఊరి మీద బెంగ, ఆమెకు బీరూట్ మీద బెంగ. 1948లో ఏడు లక్షలకు పైగా పాలస్తీనీయులు నిరాశ్రయులయ్యారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో అరబ్బు దేశాల నుంచి ఎనిమిది లక్షల మంది దాకా యూదులు వెళ్లిపోయారు. ఈ అంకెలు చేయలేని పనిని ఆ ఇద్దరు ఆడవాళ్ల మాటలు చేస్తాయి. 2002లో ఈ నవల హీబ్రూలోకీ వచ్చింది.

మధ్యలో ఖాళీ

నవల చేసే పనిని బడిపుస్తకం చేస్తే? ఇజ్రాయెలీ మనస్తత్వవేత్త డాన్ బార్-ఓన్, బెత్లెహేం విశ్వవిద్యాలయపు సమీ అద్వాన్ ఇద్దరూ ఇదే ప్రయత్నించారు. బార్-ఓన్ అంతకుముందు నాజీ అధికారుల పిల్లలనూ యూదు బాధితుల పిల్లలనూ ఒకచోట కూర్చోబెట్టి కథలు చెప్పించినవాడు. 2002 నుంచి రెండు వైపుల ఉపాధ్యాయులూ కలిసి పాఠాలు రాశారు. పేజీలో ఒక పక్క ఇజ్రాయెలీల కథనం, మరో పక్క పాలస్తీనీయుల కథనం. 1948 ఒకవైపు 'స్వాతంత్ర్య యుద్ధం', రెండోవైపు 'నక్బా', అంటే మహావిపత్తు. మధ్యలో విద్యార్థి రాసుకోవడానికి ఖాళీ.

రెండు కథనాలనూ కలిపి ఒకటి చేయలేదు. అలాంటి రాజీ కథ ఎవరూ నమ్మరని వాళ్లకు తెలుసు. అయినా రెండు విద్యాశాఖలూ దాన్ని బడుల్లోకి రానివ్వలేదు. 2010లో స్దెరోత్ సమీపంలోని ఒక హైస్కూలు ఆ పాఠాలు చెబుతోందని తెలిసి ఇజ్రాయెల్ విద్యాశాఖ ఆపించింది. ఒకప్పుడు హూజ్ ఉన్నది ఆ చుట్టుపక్కలే.

నెత్తురు ఆగాక

ఇదంతా విని, కథలతో శాంతి వస్తుందా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. నెత్తురోడుతూ క్యాజువాలిటీకి వచ్చినవాణ్ణి, మీ నాన్నగారికి బీపీ ఉండేదా అని ఏ డాక్టరూ అడగడు. ముందు నెత్తురు ఆపాలి. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్‌పై పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ చేసిన దాడిలో దాదాపు 1,200 మంది చనిపోయారు, 250 మంది దాకా బందీలయ్యారు. గాజా రోగులను తన కారులో ఇజ్రాయెల్ ఆస్పత్రులకు చేర్చిన శాంతి ఉద్యమకారిణి వివియన్ సిల్వర్ కూడా ఆరోజు హతమైంది. ఆపై సాగిన యుద్ధంలో గాజాలో పదుల వేల మంది చనిపోయారు. అబుల్‌ఐష్ బంధువులే ఇరవై మందికి పైగా పోయారు. ఆక్రమణ, ముట్టడి, బాంబులు, బందీలు: వీటికి మందు పుస్తకం కాదు. బలవంతుడూ బలహీనుడూ సమానమైనట్టు రెండు కథలూ పక్కపక్కన పెట్టి చేతులు దులుపుకుంటే అదీ అన్యాయమే.

కానీ నెత్తురు ఆపడం వైద్యం మొత్తం కాదు. ఒప్పందాలు సంతకాలతో మొదలై సంతకాలతోనే ఆగిపోతే, పాత పుండు లోపల అలాగే ఉండి మళ్లీ పైకి వస్తుంది. ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకుల మధ్య కుదిరిన 1993 ఓస్లో ఒప్పందం శరణార్థుల సంగతీ జెరూసలేం సంగతీ తర్వాత చూద్దామని పక్కన పెట్టింది. ఆ 'తర్వాత' ఇంకా రాలేదు. హిస్టరీ వినడం చికిత్స కాదు. వినకుండా రాసిన మందుచీటీ మాత్రం పనిచేయదు. ఆ జబ్బు వయసు వందేళ్లు దాటాక కూడా ఇది చెప్పాల్సి రావడమే విచారం.

ఈ తగవు గురించి మన దగ్గరా ఇళ్లలో, ఆఫీసుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో వాదించుకుంటాం. చాలావరకు ఒకే తేదీ దగ్గర మొదలుపెట్టి వాదిస్తాం. 'ఖిర్బెత్ ఖిజే', 'హైఫాకు తిరిగి రాక' రెండూ చిన్న పుస్తకాలు, ఒక్కోటీ ఒక సాయంత్రం పని. ఇంగ్లీషు అనువాదాలు దొరుకుతాయి. మీరు ఏ పక్షమైనా సరే, అవతలి పక్షంవాడు రాసిన పుస్తకం ముందు చదవండి. మీ పక్షంవాడిది మర్నాడు చదవండి. ఒక్కటే చదివి మాత్రం ఆగకండి.