ఎల్బీనగర్‌లో దిగి హైటెక్ సిటీకి: 69 రూపాయలా, 103 రూపాయలా?

పొదిలిలో రాత్రి బస్సెక్కి హైదరాబాద్ వెళ్లేవాళ్లలో కొందరు ఎల్బీనగర్‌లోనే దిగి మెట్రో అందుకుంటారు. తొలి రైలు ఉదయం 6 గంటలకు. అక్కడి నుంచి హైటెక్ సిటీకి ఎంతవుతుందన్నది అమీర్‌పేట స్టేషన్‌లో మీరేం చేస్తారన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఎల్బీనగర్–మియాపూర్ ఎర్ర లైను 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. నాగోలు నుంచి రాయదుర్గం వెళ్లేది నీలం లైను. ఈ రెండూ కలిసేది అమీర్‌పేటలో. ఎల్బీనగర్‌లో ఎక్కాక అది 16వ స్టేషను, దూరం దాదాపు 16 కిలోమీటర్లు. అక్కడ రైలు మారితే హైటెక్ సిటీకి ఇంకో 10 కిలోమీటర్లు.

2025 మేలో సవరించిన ఛార్జీల ప్రకారం 15 నుంచి 18 కిలోమీటర్లకు 56 రూపాయలు, 9 నుంచి 12 కిలోమీటర్లకు 47. దూరం 24 కిలోమీటర్లు దాటితే ఎక్కడికైనా 69 రూపాయలే. అందుకే ఎల్బీనగర్‌లోనే హైటెక్ సిటీకి టికెట్ తీసుకోవాలి. అమీర్‌పేట వరకే తీసుకుని, గేటు దాటి బయటికొచ్చి మళ్లీ కొంటే 56, 47 కలిపి 103 అవుతుంది. మనిషికి 34 రూపాయలు ఊరికే పోయినట్టు. బస్సు మారితే కొత్త టికెట్ కొనడం అలవాటైన పెద్దవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి పంపండి: గేటు దాటొద్దు, నీలం గుర్తుల వెంట నడిస్తే చాలు.

అమీర్‌పేట మీదుగా తొలి రైళ్లు 2017 నవంబరు 29న ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి. ఎల్బీనగర్ వైపు 2018 సెప్టెంబరు 24న, హైటెక్ సిటీ వైపు 2019 మార్చి 20న మొదలయ్యాయి. మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్లకు వచ్చే మన జిల్లా పిల్లలకు అమీర్‌పేట రోజూ దిగే స్టేషను.

సాయంత్రం అక్కడ నిలబడితే కాలు పెట్టే చోటుండదు. రైలుకు మూడే పెట్టెలు, పట్టేది సుమారు వెయ్యి మంది. ప్లాట్‌ఫాంలను మాత్రం ఆరు పెట్టెల రైలుకు సరిపోయేలా కట్టారు. అంటే కొత్తగా స్టేషన్ కట్టక్కర్లేదు, పెట్టెలు కొంటే చాలు. కొత్త లైన్ల కన్నా ముందు ఆ పని జరగాలి.